ప్రేమవిందుకి ఆలస్యంగా వచ్చేవాళ్ల సంగతి ఎలా చూసుకోవాలి?

అందరికీ వందనాలు. మాది చిత్తూరు. ఆదివారం సాయంత్రం ఒక ఇంట్లో 30 మందిదాకా కూడుకుంటాం. బైబిల్లో అపొస్తలుల కార్యములు 2:46లో ఉన్నట్టు కలిసి భోంచేద్దామని, ఎవరికి కుదిరింది వాళ్లు వండి తెస్తున్నాం. ఈ సహపంక్తి భోజనాన్నే ప్రేమవిందు అంటాం. ఆరింటికి వాక్యం, ఏడున్నరకి భోజనం.

మామిడి సీజన్లో చిక్కొచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఐదారు కుటుంబాలు షిఫ్టు దిగి వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. అప్పటికి పులుసు గిన్నె ఖాళీ, మిగిలిన సంగటి ముద్దలు పైన పొరకట్టి గట్టిపడిపోయి ఉంటాయి. కొందరు ముందే తినేస్తే కొందరు ఆకలితో ఉంటున్నారని 1 కొరింథీయులు 11లో పౌలు మందలించాడే, అచ్చం అదే పరిస్థితి!

అక్కడే పౌలు ఒకరి కోసం ఒకరు ఆగమన్నాడు కదా అని తొమ్మిదిదాకా ఆగి చూశాం. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి కళ్లు తిరిగాయి. తర్వాత, ఆలస్యంగా వచ్చేవాళ్ల భాగం ముందే తీసి మూతపెట్టాం. "మాకు విడిగా పెట్టేదేంది?" అని ఒక అక్క నొచ్చుకుని రావడమే మానేసింది. డబ్బులేసుకుని ఒకచోట వండిస్తే, ఎవరు తక్కువేశారనే లెక్క మొదలైంది (ఇది ఇంకా అధ్వానం). సుమారు క్రీ.శ. 155లో జస్టిన్ అనే తొలినాటి క్రైస్తవ రచయిత రాసినదాంట్లో, రాలేనివాళ్లకి రొట్టె పరిచారకులతో ఇంటికే పంపేవారని ఉంది. కానీ మావాళ్లు అలసిపోయినా అందరితో కూర్చుని తినాలనే వస్తున్నారు. రోజు మార్చే వీల్లేదు.

మీ సంఘంలో షిఫ్టు పనివాళ్లుంటే, పెద్దవాళ్లు పస్తుండకుండా, వచ్చినవాళ్లు చిన్నబుచ్చుకోకుండా ఒకే పంక్తిలో భోజనం ఎలా జరుపుతున్నారు?