విక్కా సొంతంగా నేర్చుకుంటున్నా, సర్కిల్ గురించి డౌట్

అందరికీ నమస్తే, విక్కా (ప్రకృతిని పూజించే, మంత్రవిద్య కూడా ఉండే ఆధునిక మతం) తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్. స్కాట్ కన్నింగ్‌హామ్ 1988లో ఒంటరిగా చేసుకునేవాళ్ళ కోసం రాసిన గైడ్ చదువుతున్నా, నాకు చాలా నచ్చింది, కోవెన్‌లో (విక్కా చేసేవాళ్ళ చిన్న గ్రూప్‌లో) చేరకపోయినా మనంతట మనమే మొదలుపెట్టొచ్చంటాడు, కానీ జెరాల్డ్ గార్డ్‌నర్ మొదలుపెట్టిన గార్డ్‌నేరియన్ పద్ధతి వాళ్ళు దీక్ష లేనిదే కుదరదంటారు కదా.

సర్కిల్ (పూజకి ముందు మన చుట్టూ వేసుకునే రక్షణ వలయం) కోసం ఉత్తరాన ఉప్పు గిన్నె, తూర్పున అగరొత్తి, దక్షిణాన ఎర్ర క్యాండిల్, పడమర నీళ్ళు, ఇంతవరకు ఓకే. చిన్న క్యాండిల్ స్పెల్‌కి (క్యాండిల్ వెలిగించి చేసే మంత్రానికి) కూడా ప్రతిసారీ సర్కిల్ వెయ్యాల్సిందేనా? హాస్టల్ రూమ్‌లో మధ్యలో ఎవరైనా తలుపు కొడితే ఏం చెయ్యాలి?

చేతబడి అనుకోకండి, ఎవరికీ హాని చెయ్యకూడదనే రూల్ చూసే నేను ఇటు వచ్చా. విక్కా మీద రేమండ్ బక్‌లాండ్ రాసిన పుస్తకం కూడా ఇప్పుడే మొదలుపెట్టనా, ఇది అయ్యాకా?