పీసీఎల్ నానో పోగుల్లోని మందు తొలిరోజే బయటికి వచ్చేస్తోంది: పొరపాటు ఎక్కడ?

ప్రశ్న

నమస్కారం. గాయాలపై వేసే పొర కోసం పాలీకాప్రోలాక్టోన్ అనే పాలిమర్‌ను, అంటే పీసీఎల్‌ను, టెట్రాసైక్లిన్ హైడ్రోక్లోరైడ్ అనే యాంటీబయాటిక్‌తో కలిపి క్లోరోఫాం, మెథనాల్ మిశ్రమంలో కరిగించి, 15 కిలోవోల్టుల వద్ద ఎలక్ట్రోస్పిన్నింగ్ (విద్యుత్తుతో ద్రావణాన్ని సూది నుంచి సన్నని పోగులుగా లాగడం) చేస్తున్నాను. సెమ్ (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) చిత్రాల్లో పోగులపై పూసల్లాంటి ఉబ్బులు లేవు. పోగు వ్యాసం సగటున 400 నానోమీటర్లు. అయినా పొరను బఫర్‌లో (ఆమ్లత స్థిరంగా ఉండే ద్రావణంలో) వేసిన అయిదు నిమిషాలకే ద్రవం పసుపు రంగుకు తిరుగుతోంది. మొదటి రోజు ముగిసేసరికి నాలుగింట మూడు వంతుల మందు వచ్చేసి, ఆపైన గ్రాఫు కదలడం లేదు. పొర మందం రెట్టింపు చేసినా ఫలితం మారలేదు. పీసీఎల్ శరీరంలో కరిగిపోవడానికి రెండేళ్లకు పైగా పడుతుంది గనుక మందు కూడా నింపాదిగా వస్తుందనుకున్నాను.

సమాధానం 1

ఆ రెండింటికీ ముడిపెట్టకండి. పాలిమర్ విచ్ఛిన్నం కావడం నెలల, ఏళ్ల వ్యవహారం. మీ మందు అంతవరకూ ఆగదు, వ్యాపనం ద్వారానే, అంటే గాఢత ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి పాకుతూ, బయటపడుతుంది. పైగా హైడ్రోక్లోరైడ్ లవణం నీటిలో ఇట్టే కరిగేది, పీసీఎల్ నీటిని దగ్గరకు రానివ్వనిది. సూది నుంచి పోగులను పట్టే పలకకు (కలెక్టర్‌కు) చేరే క్షణంలో ద్రావణి ఆవిరవుతుంటే, పాలిమర్‌లో ఇమడలేని మందు పోగు పైభాగానికి చేరుతుంది. అయిదు నిమిషాల్లో మీకు కనిపించిన పసుపు అదే అయివుంటుంది. ఒక ముక్కను నిమిషం పాటు నీటిలో ముంచి ఆరబెట్టి, ముంచని ముక్క పక్కన పెట్టి సెమ్‌లో చూడండి. పోగులపై స్ఫటికాలు మాయమైతే అనుమానం తీరినట్టే. పొర మందం పెంచితే పోగుల సంఖ్య పెరుగుతుందే గాని ఒక్కో పోగు లావెక్కదు. కోయాక్సియల్ సూదితో (ఒకదానిలో ఒకటి ఉండే జంట సూదితో) మందును లోపల, పీసీఎల్‌ను చుట్టూ తొడుగులా ఉంచడం మేలు.

సమాధానం 2

పై వివరణతో ఏకీభవిస్తాను, కాని కోయాక్సియల్ జోలికి అప్పుడే వెళ్లవద్దని నా సలహా. రెండు ద్రవాల వేగాలు కుదరక, సూది మొన గడ్డకట్టి, దానితో నాకు ఒక వేసవి గడిచిపోయింది. ముందు పాలిమర్ గాఢత పెంచి పోగును లావు చేయండి: వ్యాపనానికి పట్టే కాలం వ్యాసార్ధపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, పోగు రెండింతలైతే ఆ కాలం నాలుగింతలవుతుంది. పోగుల మధ్య సందులు కూడా పెద్దవవుతాయి. 400 నానోమీటర్ల పోగుల పొరలో శరీర కణాలు లోపలికి దిగలేక పైనే పరుచుకుంటాయని మీకు తెలిసే ఉంటుంది. లవణం బదులు టెట్రాసైక్లిన్ క్షార రూపాన్నీ ప్రయత్నించవచ్చు, అది నీటిలో తక్కువగా కరుగుతుంది.

ఇంకొకటి. 37 డిగ్రీల బఫర్‌లో టెట్రాసైక్లిన్ తనంతట తానే క్షీణిస్తుంది. పొర లేకుండా, మందు మాత్రమే కలిపిన బఫర్‌ను పక్కన ఉంచి రోజూ కొలవకపోతే, మీ గ్రాఫు ఆగింది మందు రాకనా, వచ్చినది చెడిపోయా అన్నది తేలదు.

ప్రశ్న అడిగినవారు

ఆ కంట్రోల్ (పోలిక కోసం పెట్టే పరీక్ష) నేను పెట్టనే లేదండీ. సోమవారం దానితోనే మొదలుపెడతాను.