ఒకే కబురు, మనిషికో రకంగా: మీరూ ఇలాగే చెప్తారా?

ఎంవీపీ_కాలనీ: నాన్నకి ఎకో (గుండె స్కాన్) తీయిస్తే ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు బయటికి పంపే రక్తం వంతు, 35 శాతమే వచ్చింది. అమ్మతో "గుండె కొంచెం నీరసంగా ఉందట, మందులిచ్చారు" అన్నాను. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్యకి అంకెతో సహా చెప్పాను. అనకాపల్లి అత్తయ్యకి మాత్రం "చెకప్‌కి వచ్చాం" అంతే. ఆవిడకి తెలిస్తే సాయంత్రానికల్లా వీధి వీధంతా పరామర్శకి దిగుతుంది. మీ ఇళ్లలో ఎలా?

జాలారిపేట_కుర్రాడు: మాకిది రోజూ ఉన్నదే. "గంటకి 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు, మత్స్యకారులు వేటకి వెళ్లరాదు" అని బులెటిన్ వస్తుంది. మా పెద్దనాన్నకి కిలోమీటర్లు పట్టవు. "గాలి ఏ దిక్కు నుంచి? పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు?" అంటాడు. బోటు ఓనరుకి ఐసు, డీజిల్ ఎక్కించాలా వద్దా అన్నది తేలాలి. అమ్మకైతే "అందరూ ఒడ్డుకొచ్చేశారు" అన్న ముక్క చాలు. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుని చూశాక గాలి సంగతి మాత్రం ఎవరికీ తగ్గించి చెప్పను.

సైకాలజీ_మేడమ్: దీని మీద 1978లో అమెరికాలో టోరీ హిగ్గిన్స్, విలియం రోల్స్ చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక మనిషి గురించి మంచిగానూ చెడుగానూ తీసుకోగల వివరాలు చదివించారు. అతనంటే ఇష్టమున్నవాళ్లకో, గిట్టనివాళ్లకో అతని గురించి రాయమన్నారు. ఎదుటివాళ్లకి నచ్చేలా రాశారు, అందులో వింతేం లేదు. తర్వాత, మొదట చదివింది గుర్తు తెచ్చుకోమంటే, తాము రాసిన వైపే జ్ఞాపకం ఒరిగిపోయింది! రాసే పని పడనివాళ్లకి అలా జరగలేదు.

నైట్_డ్యూటీ: నర్సుని. మేడమ్ చెప్పింది వార్డులో కళ్లారా చూస్తుంటాను. ఇంట్లో పెద్దావిడ కోసం అల్లిన మాటే పేషెంటు వెంట వచ్చినవాళ్లు డ్యూటీ డాక్టరుకీ అప్పజెప్తారు. "గ్యాసండీ, అంతే" అంటారు. ఫైలు తెరిస్తే రెండు స్టెంట్లు! అబద్ధమాడాలని కాదు, పదిమందికి చెప్పీ చెప్పీ వాళ్ల నోటికి అదే వస్తుంది. రిపోర్టు ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి, డాక్టరుకి అదే చూపించండి.

గోపాలపట్నం_బాబాయ్: అందరి సంగతీ రాశావు గానీ బాబూ, మీ నాన్నకేం చెప్పావు?

ఎంవీపీ_కాలనీ: ఆయనకి నేను చెప్పేదేముంది బాబాయ్, డాక్టరు ఆయనకే ముందు చెప్పారు. అత్తయ్యకి చెప్పొద్దన్నదీ ఆయనే.