నాన్న 64వ ఏట పెళ్ళంటున్నారు, సాక్షి సంతకం పెట్టాలా?

తణుకు_అమ్మాయి: అమ్మ పోయి రెండేళ్ళు. నాన్న రిటైర్డ్ టీచరు. ధవళేశ్వరంలో ఒకావిడను (58, భర్త లేరు) చేసుకుంటానంటున్నారు. రిజిస్ట్రార్ ఆఫీసులో సాక్షిగా నన్నే రమ్మంటున్నారు. అన్నయ్య డాలస్ నుంచి ఒకటే గొడవ. నాకూ మనసొప్పడం లేదు. మీరేమంటారు?

పాతప్లీడరు: ముందు ఇల్లు ఎవరి పేరు మీదుందో చెప్పండమ్మా. నాన్నగారి స్వార్జితమై, వీలునామా రాయకుండా పోతే, 1956 వారసత్వ చట్టం ప్రకారం ఆవిడకూ మీ ఇద్దరితో సమానంగా వాటా. నాయనమ్మ ఉంటే ఆమెకూ ఒకటి.

గోదారోడు: వాటాల గోలేంటండీ! వీరేశలింగం గారు 1881లోనే రాజమండ్రిలో వితంతు వివాహం చేయించారు. మా బాబాయి, పిన్ని పోయాక ఏడేళ్ళు ఒక్కడే ఉన్నాడు. పొద్దుటి అన్నమే రాత్రి మజ్జిగ పోసుకుని ఆవకాయతో తినేవాడు. టీ మాత్రం అలవాటు కొద్దీ రెండు గ్లాసుల్లో పోసేవాడు. చూసి కూడా మేమేమీ అనలేదు.

పాతప్లీడరు: బాబాయిగారి సంగతి సరే. ఇల్లు?

కమల_విశాఖ: మా మామగారు రెండో పెళ్ళి చేసుకున్నాక అత్తగారి వెండి చెంచా కూడా మాకు దక్కలేదు. తోడు తోడు అనేవాళ్ళు మా ఇంట్లో ఒక్క వారం ఉండి చూడండి.

గోదారోడు: చెంచా కోసం మనిషిని ఒంటరిగా వదిలేస్తామా?

కమల_విశాఖ: చెంచా మీది కాదుగా, తేలిగ్గానే ఉంటుంది.

బుజ్జి: నేను మరమరాలు తెచ్చుకుని కూర్చున్నా.

గోదారోడు: అసలు తణుకు అమ్మాయిగారూ, ఆస్తి కోసమే కదా మీ బాధ? చదువుకుని ఉండి, వీరేశలింగం గారి పక్క ఊళ్ళో పుట్టి...

తణుకు_అమ్మాయి: మాటిమాటికీ ఆయన్ని తేకండి. ఆయన కొట్లాడింది ఆడపిల్లల కోసం. పెళ్ళాం పోయిన మగాడికి అప్పుడూ మైల తీరకముందే సంబంధాలు చూసేవారు. ఇల్లు ఆవిడకే రాయనివ్వండి, నాకొద్దు. నాకు 31 ఉన్నప్పుడు మా ఆయన బైక్ యాక్సిడెంట్‌లో పోయారు. బాబుకి నాలుగేళ్ళు. ఏడాదిన్నర తర్వాత మా ఆఫీసులో ఒకతను ఇంటికొచ్చి అడిగాడు. మంచివాడిలా ఉన్నాడంది అమ్మ. నాన్న చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, "పిల్లాడున్నాడుగా, ఇంకేం కావాలమ్మా నీకు?" అన్నారు. అంతే. ఇప్పుడు నాకు 43. ఆయనకూ పిల్లలున్నాంగా, ఇద్దరం. ఆ మాట నేను అనొచ్చా?

కమల_విశాఖ: అయ్యో, ముందే చెప్పాల్సింది తల్లీ.

గోదారోడు: ఆస్తి మాట వెనక్కి తీసుకుంటున్నానండీ. కానీ ఆవిడేం చేసింది? ఆమెనూ ఎవరో మీలాగే ఆపి ఉంటారేమో.

తణుకు_అమ్మాయి: అదే నిద్ర పట్టనివ్వడం లేదు. మొన్న ఫోన్లో "భోంచేశావా అమ్మా" అని అడిగింది, నేను పెట్టేశాను. ఆదివారం తణుకు వెళ్తున్నా. సంతకం సంగతి తర్వాత. ఆ రోజు పేపరు మడిచి ఏమన్నారో నాన్నకి గుర్తుందో లేదో అడగాలి.

పాతప్లీడరు: ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి, ఇంటి దస్తావేజు కూడా ఒకసారి చూసి రండమ్మా.