కొత్త డైవర్ నీళ్లలోకి కెమెరా ఎప్పుడు తీసుకెళ్లాలి?

కావలి కుర్రాడు:
పుదుచ్చేరిలో ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబా డైవింగ్‌లో తొలి కోర్సు) పూర్తి చేశాను. కోర్సులో నాలుగు డైవ్‌లు, తర్వాత రెండు. ఒక యాక్షన్ కెమెరా కూడా కొన్నాను. ఇరవై డైవ్‌లు అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దని ట్రైనర్ అన్నారు. మన మైపాడులో ఇసుక కలిసిన నీళ్లలో ఏమీ కనపడదు కాబట్టి ప్రతిసారీ పుదుచ్చేరికో అండమాన్‌కో పోవాలి. ఏడాదికి నాలుగు డైవ్‌లు చేస్తే గొప్ప. అంటే మూడేళ్లకు పైగా ఆగాలా?

ఒంగోలు అక్క:
ఆగు తమ్ముడూ. నా ఏడో డైవ్‌లో కెమెరా పట్టుకుని ఒక లయన్‌ఫిష్ వెంట పోయాను. చూపంతా స్క్రీన్ మీదే. తలెత్తేసరికి నాతో జతగా దిగిన బడ్డీ కనపడలేదు, సిలిండర్‌లో మిగిలిన గాలిని చూపే గేజ్‌లో 60 బార్ మాత్రమే ఉంది. టెన్షన్‌తో గబగబా ఊపిరి తీస్తుంటే ఆ ఉన్న గాలి కూడా కరిగిపోతోంది. దేవుడి దయవల్ల బడ్డీయే వెతుక్కుంటూ వచ్చాడు.

ఇంకో సంగతి. ఫొటో కదలకూడదని మనకు తెలియకుండానే ఊపిరి బిగబడతాం. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు. అక్కడ బిగబట్టిన ఊపిరితో పైకి తేలితే, లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉంది. ఫొటో మళ్లీ తీసుకోవచ్చు కదా.

గూడూరు డైవర్:
అక్క చెప్పిన ప్రమాదం నిజమే. కానీ లెక్క పెట్టుకుని ఇరవై దగ్గర తలుపు తెరవడం నాకు నచ్చదు. ముప్పై డైవ్‌లు చేసి కూడా పగడాల మీద కాళ్లకు తొడిగిన ఫిన్లతో తన్నేవాళ్లను చూశాను. కొన్ని పగడాలు వందల ఏళ్లు పెరిగినవి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నవి. చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

అబ్బయా, చూడాల్సింది నీ బాయన్సీ, అంటే మునిగిపోకుండా, పైకి తేలిపోకుండా నిలవడం. పైకొచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతాం కదా, అక్కడ చేతులు ఆడించకుండా ఒకే లోతులో నిలవగలవా? గేజ్ చూడకముందే ఎంత గాలి మిగిలిందో దాదాపు చెప్పగలవా? రెండూ వస్తే పదో డైవ్‌కైనా తీసుకెళ్లు.

కావలి కుర్రాడు:
మూడు నిమిషాలు నిలవలేను అన్నా, పైకి తేలిపోతున్నాను. ఇంకో సందేహం. ఒక స్నేహితుడి ఫొటోలన్నీ నీలంగా వచ్చాయి. కెమెరా లోపమా?

గూడూరు డైవర్:
కాదు. నీళ్లు అన్నిటికన్నా ముందు ఎరుపు రంగును మింగేస్తాయి. ఐదారు మీటర్లు దాటితే అది చాలావరకు పోతుంది. లైటు వేస్తే రంగు తిరిగొస్తుంది కానీ, లెన్స్ పక్కనే పెట్టి వేస్తే నీళ్లలోని నలకలన్నీ మెరిసి ఫొటో నిండా తెల్లటి చుక్కలు పడతాయి. అందుకే లైటును దూరంగా పక్కకు పెడతారు. చేపకు మీటరు లోపలికి నెమ్మదిగా చేరు, తరమొద్దు.

కెమెరా పెట్టె మీద 10 మీటర్లే అని ఉంటే హౌసింగ్ (నీళ్లు చొరని కేసు) తప్పదు. నీ కోర్సుతో నువ్వు 18 మీటర్ల దాకా దిగొచ్చు కదా. హౌసింగ్ మూతకు ఉండే రబ్బరు రింగు, అదే ఓ-రింగ్, దాని మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్లు లోపలికి రావచ్చు. ముందు ఖాళీ హౌసింగ్‌ను బకెట్లో ముంచి చూడు.

ఒంగోలు అక్క:
బాయన్సీ మాట ఒప్పుకుంటాను. అయినా కెమెరాతో తొలి డైవ్‌కు ట్రైనర్‌నే బడ్డీగా పెట్టుకోవాలి. దాని మీద నేను వెనక్కి తగ్గను.

కావలి కుర్రాడు:
సరే అక్కా. ఈసారి నాలుగు డైవ్‌లూ ఆ మూడు నిమిషాల కోసమే. కెమెరా ఇంట్లోనే ఉంచుతాను.