అప్‌డేట్: పెదజాలరిపేట పిల్లలకు ఏం కొన్నామంటే

విశాఖలోని పెదజాలరిపేట ప్రభుత్వ బడి పిల్లలకు బ్యాగులు, నోటు పుస్తకాలు ఎక్కడ చవకగా దొరుకుతాయని అడిగాను కదా. "ముందు హెచ్ఎం గారిని కలువు తమ్ముడూ" అన్న అక్కకు చాలా థ్యాంక్స్. అవన్నీ సర్కారు బడి పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే విద్యార్థి మిత్ర కిట్టులోనే వస్తాయట, బూట్లు, యూనిఫాం గుడ్డతో సహా. హెచ్ఎం మేడం అడిగినవి వేరు: పదో తరగతికి జామెట్రీ బాక్సులు, పరీక్ష అట్టలు, పెన్నులు. పూర్ణా మార్కెట్‌లో హోల్‌సేల్‌గా తీసుకున్నాం. ప్రతి కంపాస్‌నూ తిప్పి చూశాం. మర వదులుగా ఉంటే వృత్తం సగంలోనే కాళ్లు విడిపోతాయి. ఉచితంగా ఇస్తున్నాం కదా అని నాసిరకం అంటగట్టకూడదు. ఫొటోలు తీయలేదు, పంచే పని మేడంకే వదిలేశాం. చిన్న ప్రైవేటు బళ్లకు వెళ్లే పేద పిల్లలకు మాత్రం ఆ కిట్టు రాదు. నోటు పుస్తకాలు ఇప్పుడు వాళ్ల కోసం కొంటున్నాం.