‘నిరోధకత’ ఎవరిది? స్పంజికదా, బాక్టీరియాదా?

మిర్యాలగూడ నుంచి: మా చెల్లె బిడ్డ డిగ్రీ ప్రాజెక్టులో ఒక వాక్యం సరిచూడమని పంపింది. “సముద్ర స్పంజికల కషాయానికి సూక్ష్మజీవి నిరోధకత ఉన్నది.” వ్యాకరణం బాగానే ఉంది కానీ ఏదో తేడా కొడుతోంది.

పాలమూరు నుంచి (సూక్ష్మజీవశాస్త్రం చెప్తాను): ముందు ‘నిరోధకత’ తీసేయమనండి. మందుకు లొంగని బాక్టీరియా గురించి పేపర్లలో ‘యాంటీబయాటిక్ నిరోధకత’ అని రాస్తున్నారు కదా. అక్కడ ఎదురు నిలిచేది క్రిమి. ఇక్కడ ఆపేది స్పంజిక (స్పాంజ్ అనే సముద్ర జంతువు) నుంచి తీసిన పదార్థం. “బాక్టీరియా పెరుగుదలను అడ్డుకుంటుంది” అని క్రియతో రాస్తే గొడవే లేదు.

నల్లగొండ నుంచి: ‘సూక్ష్మజీవనాశక’ అనొచ్చు కదా మేడం?

పాలమూరు: చంపిందని తేలితే అనొచ్చు. అగార్ (బాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి మాధ్యమం) పళ్లెం మీద బాక్టీరియా పరిచి, సారంలో తడిపిన కాగితపు బిళ్ల పెడతారు. మర్నాటికి బిళ్ల చుట్టూ తేటగా ఒక వలయం వస్తుంది. అక్కడ పెరగలేదని తెలుస్తుంది, అంతే. చచ్చాయా, ఊరికే ఆగాయా అనేది వలయాన్ని చూసి చెప్పలేం. అక్కడి నుంచి కొంచెం తీసి మందు లేని కొత్త మాధ్యమంలో వేయాలి. మళ్లీ పెరిగాయా, అప్పుడది పెరుగుదలను ఆపేదే, చంపేది కాదు. ఇక కషాయం అంటే నీళ్లలో మరిగించి దించేది. స్పంజిక ముక్కల్ని ఎక్కువగా మిథనాల్ లాంటి ద్రావణిలో నానబెట్టి, వడగట్టి, ద్రావణిని ఆవిరి చేస్తారు. కషాయం అని రాస్తే ఎవరైనా తాగేస్తారేమోనని నా టెన్షన్! ‘సారం’ చాలు.

దేవరకొండ నుంచి: మా నాయన మూలికల దుకాణంలో ‘సముద్రపు నురుగు’ అమ్మేవారు. తెల్లగా ఉండి, గీకితే పొడి రాలేది. స్పంజిక అంటే అదేనా?

నల్లగొండ: కాదన్నా. అది కటిల్ ఫిష్ లోపలి పెంకు, ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. స్పంజిక వేరే జంతువు. ఒంటినిండా రంధ్రాలు, ఉన్నచోటే అతుక్కుని నీళ్లు వడగట్టుకుని తింటుంది. పారిపోలేదు, కరవలేదు కాబట్టి ఎక్కువగా రసాయనాలతో కాపాడుకుంటుంది.

పాలమూరు: ఆ రసాయనాల్లో కొన్నింటిని తయారుచేసేది దాని ఒంట్లో కాపురముండే బాక్టీరియానే. అందుకే “స్పంజికల గుణం” అని రాసినా నాకు పూర్తిగా నచ్చదు. సారం నుంచి మందు దాకా దారి కూడా పొడవే. 1950ల మొదట్లో బెర్గ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక కరీబియన్ స్పంజికలో కొత్తరకం న్యూక్లియోసైడ్లు (డీఎన్‌ఏలో ఉండే ముక్కల్లాంటి రసాయనాలు) కనిపెట్టాడు. వాటి నమూనా పట్టుకుని ప్రయోగశాలలో చేసిన సైటరబిన్ అనే మందుకు 1969లో అమెరికాలో అనుమతి వచ్చింది. అదీ బాక్టీరియాకు కాదు, రక్త క్యాన్సర్‌కు.

మిర్యాలగూడ: అయితే ఇలా మారుస్తాను. “సముద్ర స్పంజికల సారం బాక్టీరియా పెరుగుదలను అడ్డుకుంటుంది.”

పాలమూరు: ఏ బాక్టీరియా? పేరు రాయమనండి. స్టెఫైలోకాకస్ లొంగిన సారానికి ఈ.కోలై లొంగకపోవడం మామూలే, దానికి బయట ఇంకో పొర ఉంటుంది. ఏ ద్రావణితో తీశారో కూడా అదే వాక్యంలో చేర్చమనండి.